దీవిని బాగుచేసే ముందు అక్కడివాళ్లను అడగండి

రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను విశాఖ జాలరిపేటలో పుట్టి పెరిగినదాన్ని. 2014లో హుద్‌హుద్ తుపాను పోయాక మా ఒడ్డున సరుగుడు మొక్కలు నాటారు. మంచి ఉద్దేశంతోనే వచ్చారు, కాదనను. కానీ బోట్లు లాగే చోట, వలలు ఆరేసే చోట గుంతలు తవ్వారు. ఒక్కమాట అడగలేదు. మా నాన్న ఒక మొక్కను పక్కకు తీసి, వేళ్లకు తడి ఇసుక కప్పి, గోడ నీడన పెట్టి వేటకెళ్లాడు. తిరిగొచ్చేసరికి వాడిపోయింది. వేసవికి మిగతావీ పోయాయి. మాట మాత్రం మాకే వచ్చింది, మీకు మొక్కలంటే గిట్టదని.

కాకినాడ ఎదురుగా తుపాన్లకు అడ్డుగా నిలిచి, తాబేళ్లు గుడ్లు పెట్టే హోప్ ఐలాండ్ మీద మీ శాఖ ఏ పని తలపెట్టినా మా పేటలో జరిగింది అక్కడ జరగకూడదని ఈ లేఖ.

ఆస్ట్రేలియాకు తూర్పున లార్డ్ హోవ్ అనే చిన్న దీవి ఉంది. ఉండేది కొన్ని వందల మందే. 1918లో ఒడ్డుకు తగిలిన ఓడలోంచి ఎలుకలు దిగాయి. మరెక్కడా లేని ఐదు రకాల పక్షులు అంతరించిపోయాయి. ఎలుకలను పూర్తిగా తీసేయాలంటే దీవంతా మందు పెట్టాలి. పిల్లలున్న ఇళ్లు, పశువులు... ఎవరికి టెన్షన్ ఉండదు? 2015లో ఓటు పెడితే సరేనన్నవాళ్లు 52 శాతమే. పని మొదలైంది 2019లో. కొండల మీద హెలికాప్టర్‌తో చల్లినా, ఇళ్ల మధ్య మందు మనుషులే పెట్టారు. ఎగరలేని వుడ్‌హెన్ పక్షులను ముందే పట్టి కాపాడారు. ఇప్పుడు అవి బాగా పెరిగాయి. ఓటుకూ పనికీ మధ్య గడిచిన ఆ నాలుగేళ్లు వృథా అయ్యాయని నేను అనుకోను.

మన కోరంగిలోనూ ఇలా చేసిన అనుభవం ఉంది. ఎండిన మడ అడవుల నేలల్లో ఊళ్లవాళ్లతో కలిసి, చేపముల్లులా కాలువలు తవ్వి పోటు నీరు పారించారు. మడ మళ్లీ లేచింది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ మగవాళ్లు ఒడ్డునే ఉంటారు. మీటింగ్ అప్పుడు పెట్టించండి, చేపలమ్మే ఆడవాళ్లు బజారు నుంచి తిరిగొచ్చాక, సాయంత్రం పూట. మ్యాపు తెలుగులో ఉండాలి. వద్దన్నవాళ్ల మాటా రాసుకోవాలి. మా ఒడ్డునా అలాంటి మీటింగ్ ఒకటి పెట్టండి. మా నాన్న వస్తాడు. బోటు ఎక్కడ లాగాలో, మొక్క ఎక్కడ బతుకుతుందో చూపిస్తాడు.

ఇట్లు,
జాలరిపేట నివాసి,
విశాఖపట్నం