పరిశోధన నిధుల డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డైరెక్టర్ గారికి,

నమస్కారం. వైద్యానికి పనికొచ్చే టైటానియం మెటాలిక్ గ్లాస్ ప్రాజెక్టు గురించి మీ ఆఫీసుకు మూడుసార్లు రాశాను, రెండుసార్లు వచ్చి బయట కూర్చున్నాను. జవాబు లేదు కాబట్టి ఇప్పుడు అందరి ముందే అడుగుతున్నాను.

గ్లాస్ అన్నారు కదా అని కిటికీ అద్దం అనుకోకండి (మీ కమిటీలో ఒకరు నిజంగానే అడిగారు). ఇది లోహమే. కరిగిన మిశ్రమలోహాన్ని, పరమాణువులు వరుసగా సర్దుకునేలోపే చల్లబరిస్తే వచ్చేది. 1960లోనే బంగారం, సిలికాన్‌లతో చేసి చూపించారు.

ఇంప్లాంట్లలో బాగా వాడే టైటానియం మిశ్రమలోహంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉంటాయి. దాని స్థితిస్థాపక గుణకం (బరువు పడితే సాగకుండా, వంగకుండా ఎంత బిగుతుగా నిలుస్తుందో చెప్పే కొలత) సుమారు 110 గిగాపాస్కల్స్, గట్టి ఎముకది 10 నుంచి 30. అంటే బరువులో ఎక్కువ భాగం లోహమే మోస్తుంది, పని తగ్గిన ఎముక పలచబడుతుంది, ఇంప్లాంట్ వదులైతే పేషెంట్ మళ్లీ ఆపరేషన్ టేబుల్ ఎక్కాలి. పెద్ద వయసులో రెండో ఆపరేషన్ అంటే ఆ ఇంట్లో ఎంత టెన్షనో మీకు నేను చెప్పక్కర్లేదు.

టైటానియం, జిర్కోనియం, రాగి, పల్లాడియం కలిపిన గ్లాస్‌లో, కొందరికి అలర్జీ తెచ్చే నికెల్ లేదు, బలం ఎక్కువ, గుణకం కొంత తక్కువ. ఎముకతో సమానం మాత్రం కాదు, ఆ మాట దాచను. పోత మందం కొన్ని మిల్లీమీటర్లు దాటితే పరమాణువులు వరుసగా సర్దుకుని స్ఫటికాలు ఏర్పడతాయి, అది ఇక గ్లాస్ కాదు, పెళుసుతనం ఉంది, పల్లాడియం ఖరీదు. అందుకే ఫెటీగ్ (మళ్లీ మళ్లీ బరువు పడితే ఎంత తట్టుకుంటుందో చూసేది), తుప్పు, జీవకణ పరీక్షలు కావాలంటున్నాను.

లోహాన్ని ఆర్గాన్ వాయువులో కరిగించే ఆర్క్ ఫర్నేస్‌కూ (విద్యుత్ కొలిమి) ఈ పరీక్షలకూ నిధులు అడిగిన ఫైలుపై 30 రోజుల్లో రాతపూర్వకంగా నిర్ణయం చెప్పండి. కాదంటే కారణం రాయండి, సరిదిద్దుకుని మళ్లీ పంపుతాను.

ఇట్లు,
ఒక లోహశాస్త్ర పరిశోధకుడు