కాలిన గాయాన్ని ఫోన్‌లో చూపించేటప్పుడు

సంపాదకులకు,

కరోనా లాంటి మహమ్మారి ఉన్నప్పుడు, కట్టు మార్పించుకోవడానికి రోజు విడిచి రోజు ఆస్పత్రికి తిరగడం కంటే వీడియో కాల్‌లో చూపించుకోవడం మేలే. చిక్కల్లా పంపే ఫొటోలతోనే. చాలావాటిలో గాయం కనిపించదు, మందు కనిపిస్తుంది. కాలిన గాయాలకు రాసే సిల్వర్ సల్ఫాడయజిన్ మందు పూత రెండు మూడు రోజులకు పసుపు తెలుపుగా పొర కడుతుంది. దాన్ని చూసి కింద ఎంత లోతు కాలిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వేసుకుని ముప్పావు గంట ఆగండి. అంటుకున్న కట్టును లాగొద్దు. కాచి చల్లార్చిన నీళ్లతో బాగా నానబెడితే అదే ఊడొస్తుంది. మందంతా కడిగాక కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా రెండు ఫొటోలు తీయండి. ఒకటి ఏ చెయ్యో, ఏ కాలో తెలిసేలా దూరం నుంచి, ఇంకొకటి పక్కన స్కేలు పెట్టి దగ్గర్నుంచి. ఫ్లాష్ పడితే తడి గాయం తెల్లగా మెరిసి, లోతుగా కాలినట్టు భ్రమపెడుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే స్పష్టత తగ్గదు.

ఫొటోకు అందనిది రక్తప్రసరణ. వీడియోలో శుభ్రమైన గాజుగుడ్డతో గాయాన్ని నొక్కి వదలండి. తెల్లబడి, వెంటనే మళ్లీ ఎరుపెక్కితే పైపైన కాలినట్టు. రంగు మారకపోతే లోతైనదే. మొదటి రోజు తీర్పే చివరి మాట కాదు, 48 నుంచి 72 గంటల్లో గాయం ఇంకా లోతెక్కవచ్చు. మూడో రోజు మళ్లీ చూపించాల్సిందే.

ఒంట్లో ఎంత మేర కాలిందో అరచేత్తో లెక్కించవచ్చు. వేళ్లతో కలిపి రోగి అరచెయ్యి ఒంట్లో సుమారు 1 శాతం. రోగిది, కొలిచేవారిది కాదు! పిల్లల దగ్గర లెక్క తప్పేది ఇక్కడే. ఊరికే కందిన చోటును కలపకూడదు. కాలిన మేర పెద్దల్లో 10, పిల్లల్లో 5 శాతం దాటినా, ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్లు కాలినా, కరెంటు, యాసిడ్ వల్ల అయినా, చెయ్యి గానీ కాలు గానీ చుట్టూతా కాలినా, మంటల తర్వాత గొంతు బొంగురుపోయినా ఫోన్ పక్కనపెట్టి ఆస్పత్రికి వెళ్లాలి. చిన్నపిల్లలకు గాయం చిన్నదైనా జ్వరం, దద్దుర్లు, విరేచనాలు కలిసి వస్తే అది ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. మహమ్మారి రోజుల్లో ఆ జ్వరాన్ని కరోనా ఖాతాలో వేసి కూర్చునే ప్రమాదం ఉంది.

కట్టు తిరిగి వేసేటప్పుడు ఏ వేలికి ఆ వేలు చుట్టాలి, కలిపి కడితే అతుక్కుపోతాయి. రెండు వారాలకీ మానని గాయానికి చర్మం అతకాల్సి రావచ్చు, దాన్ని నేరుగా చూడాలి.

ఆస్పత్రులకు ఒక విన్నపం. ఫొటో తీసే పద్ధతినీ, రాత్రిపూట పలికే ఒక ఫోన్ నంబరునూ డిశ్చార్జి కాగితం వెనక అచ్చువేసి ఇవ్వండి.

– కాలిన గాయాల విభాగం నర్సులు