నూనె కొట్టినవాళ్ళ పేరు

అమ్‌స్టల్‌వేన్, నెదర్లాండ్స్,
ఆదివారం రాత్రి

ప్రియమైన సుబ్బూ,

ఎలా ఉన్నావురా? పిన్ని మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? నీకు ఉత్తరం రాసి చాలా రోజులైంది. ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాం కదా అనుకుంటాం గానీ, ఇప్పుడు చెప్పబోయే సంగతి ఫోన్‌లో తేలేది కాదు. ఇందులో మీ తాతయ్య గానుగ కూడా వస్తుంది. తీరిగ్గా కూర్చుని చదువు.

రెండు వారాల కిందట పాపను తీసుకుని జాన్సె స్ఖాన్స్ వెళ్ళాను. అమ్‌స్టర్‌డామ్‌కి ఉత్తరాన, జాన్ అనే నది ఒడ్డున పాత గాలిమరలు వరసగా నిలబెట్టిన చోటు. ఫోటోల్లో చూసే ఉంటావు. గాలిమర అనగానే మనం పిండిమరే అనుకుంటాం. ఆ నది పొడవునా ఒకప్పుడు ఐదారు వందల మరలు తిరిగేవిట. కర్ర కోసేవి, రంగులు నూరేవి, కాగితం చేసేవి, నూనె తీసేవి. నూనె మరలే వందకు పైగా ఉండేవిట. ఇప్పటికీ నూనె తీస్తున్న మర ఒకటి అక్కడ ఉంది, పేరు డి జూకర్. అంటే 'వెతికేవాడు' అని.

లోపలికి అడుగు పెట్టగానే వేడి చేసిన అవిసె గింజల వాసన. నిలువుగా నిలబెట్టిన రెండు రాతి చక్రాలు, ఒక్కొక్కటీ రెండు టన్నుల పైమాటే, ఒక రాతి పళ్ళెం మీద ఒకదాని వెంట ఒకటి దొర్లుతూ గింజల్ని నలగ్గొడుతున్నాయి. ఆ నలిగిన పిండిని పొయ్యి మీద పెనంలో వేడి చేస్తారు. చిన్న గరిటె లాంటిది పెనంలో దానంతటదే గిర్రున తిరుగుతూ మాడకుండా చూస్తుంది. మర నడిపే పెద్దాయన ఒక పిడికెడు వేడి పిండి తీసి నా చేతిలో పోశాడు. గట్టిగా పిడికిలి బిగించి తెరిస్తే నా వేళ్ళ గీతలన్నీ దాని మీద అచ్చు పడ్డాయి. దాన్ని టికెట్ కాగితం మీద పెట్టాను. నిమిషంలో కాగితం అవతలి వైపు అక్షరాలు కనిపించాయి, మన వీధి చివర పకోడీ పొట్లంలా.

అసలు పని ఆ తర్వాత. వేడి పిండిని ఉన్ని సంచుల్లో పోసి, గుర్రపు వెంట్రుకలూ తోలూ కలిపి చేసిన మందపాటి పట్టీల మధ్య పెట్టి, పెద్ద దుంగలో తొలిచిన గాడిలో దిగేస్తారు. పక్కన చెక్క చీల పెడతారు. పైనుంచి గాలిమర ఒక దూలాన్ని ఎత్తి వదులుతుంది. ధడ్! మళ్ళీ ఎత్తుతుంది. ధడ్! దెబ్బ దెబ్బకీ చీల లోపలికి దిగుతుంది, సంచులు నలుగుతాయి, కింద గిన్నెలోకి నూనె సన్నగా కారుతుంది. పాప రెండు చెవులూ మూసుకుని నా వెనక దాక్కుంది. ఆ మోత ఊళ్ళోకి వినపడేదిట. ఆ పనిలో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి వినికిడి పోయేదిట. చివర్లో ఇంకో చీల మీద దెబ్బ వేసి బిగువు వదిలిస్తారు, సంచి విప్పి గట్టిపడ్డ పిండి చెక్క బయటికి తీస్తారు. ఆ చెక్కని దంచి మళ్ళీ వేడి చేసి రెండోసారి కొడతారు. మిగిలిన చెక్క ఆవులకి. తెలగపిండేరా! వాళ్ళది అవిసె, మనది నువ్వులు, అంతే తేడా.

ఈ పని చేసేవాణ్ణి ఏమంటారని అడిగితే ఆ పెద్దాయన 'ఓలీస్లాఖర్' అన్నాడు. చివర్లో ఉన్న 'ఖ'ని గొంతులోంచి గీరుతూ పలకాలి, మనకి నోరు తిరగదు. ఓలీ అంటే నూనె. స్లాన్ అంటే కొట్టడం. నూనె కొట్టేవాడు. మనం గానుగ 'ఆడతాం' కదా, వీళ్ళు నూనె 'కొడతారు'. ఆ దూలం దెబ్బ విన్నాక ఇంకో మాట ఎలా వస్తుందనిపించింది.

ఆ మాట వినగానే నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. యాన్ ఓలీస్లాఖర్స్ అని బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో ఒకాయన ఉండేవాడు. 1883లో పుట్టాడు, 1942లో పోయాడు. మొదట మోటార్ సైకిల్ పందేలు, తర్వాత విమానాలు, మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం తరఫున పైలట్. 'ఆంట్‌వెర్ప్ దెయ్యం' అని పిలిచేవాళ్ళు. ఆయన గురించి ఎప్పుడో చదివాను గానీ ఆ పేరుకి అర్థం ఉంటుందని తోచలేదు. ఆకాశంలో అంత వేగంగా తిరిగినాయన పేరులో ఒక దుంగ, ఒక చీల, ఒక చెక్క దూలం ఉన్నాయన్నమాట!

ఇక అప్పట్నుంచీ నాకు వేరే ధ్యాస లేదు. రోజూ రాత్రి పాప పడుకున్నాక ఇదే పని. ఇక్కడ అమ్‌స్టర్‌డామ్‌లో మేర్టెన్స్ ఇన్‌స్టిట్యూట్ అని ఉంది. డచ్చి భాష, జానపద సంస్కృతి వాళ్ళ పని. వాళ్ళు ఇంటిపేర్ల భాండాగారం ఒకటి తయారుచేశారు, ఆన్‌లైన్లో ఎవరైనా చూడొచ్చు. 3 లక్షలకు పైగా ఇంటిపేర్లు. ఒక్కో పేరుకీ రెండు లెక్కలు ఉంటాయి. ఒకటి 1947 జనాభా లెక్కల నాటిది, రెండోది 2007 నాటిది. ఏ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో మ్యాప్ మీద రంగులతో చూపిస్తారు. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ఒక పేరు ఐదుగురి కంటే తక్కువమందికి ఉంటే అంకె చెప్పరు, 'ఐదు కంటే తక్కువ' అని ఊరుకుంటారు. అంత తక్కువైతే అంకె చెప్పడమంటే మనిషిని చూపించినట్టే కదా. ఆ మర్యాద నాకు ఎంతో బాగుందిరా.

ఆ లెక్కల్లో పనుల పేర్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. 2007లో బక్కర్ అనే ఇంటిపేరున్నవాళ్ళు 55,273 మంది. అంటే రొట్టెలు కాల్చేవాడు. దేశం మొత్తం మీద దాదాపు 300 మందిలో ఒకరు! స్మిట్ అంటే కమ్మరి, 42,280. ముల్డర్ అంటే పిండిమర వాడు, 36,207. డెక్కర్, ఇళ్ళ కప్పులు వేసేవాడు, దాదాపు 28 వేలు. బ్రౌవర్, బీరు కాచేవాడు, 25 వేల పైచిలుకు. మొదటి వంద పేర్లూ పైనుంచి కిందికి చూస్తూ పోయాను. నూనె కొట్టేవాడు ఎక్కడా లేడు.

ఇదేమిటి? ఒక్క నది ఒడ్డునే వందకు పైగా నూనె మరలు ఉన్న దేశంలో ఆ పేరు ఇంత అరుదుగా ఎందుకుంది? దీని గురించి చాలా ఆలోచించాను. నాకు తోచింది చెప్తాను, నువ్వేమంటావో రాయి. రొట్టెలవాడు, కమ్మరి ప్రతి ఊళ్ళోనూ ఒక్కొక్కడు ఉంటాడు. 'ఏ యాన్?' అని అడిగితే 'కమ్మరి యాన్' అంటే చాలు, మనిషి తెలిసిపోతాడు. అలాంటి వాళ్ళు వేల ఊళ్ళలో ఉంటారు కాబట్టి పేరు వేల చోట్ల విడివిడిగా పుడుతుంది. నూనె పని అలా కాదు. అది కొన్ని చోట్లే గుమిగూడింది. వీధిలో ఇరవై మంది నూనె కొట్టేవాళ్ళుంటే 'నూనె యాన్' అని ఎవర్ని పిలుస్తారు? వాళ్ళకి తండ్రి పేరో, ఇంటి గుర్తో, ఊరి పేరో అంటుకుంటుంది. ఆ పని ఊరికి ఒక్కడే చేసే చోటే అది ఇంటిపేరుగా నిలుస్తుంది. మనూళ్ళో చూడు. 'గానుగ తాతయ్య' అంటే మీ తాతయ్య ఒక్కడే, ఎందుకంటే ఊరు మొత్తానికి గానుగ అదొక్కటే.

పేరు రాసే తీరు కూడా లెక్కని చీలుస్తుంది. ఓలీస్లాఖర్ ఉంది, చివర 'స్' చేరిన ఓలీస్లాఖర్స్ ఉంది, అక్షరాలు అటూ ఇటూ మారిన రూపాలు ఇంకా ఉన్నాయి. లెక్కలో ప్రతిదీ వేరే పేరే. ఆ చివరి 'స్' ఊరికే వచ్చింది కాదు. ఫలానావాడి కొడుకు అని చెప్పే గుర్తు అది. దక్షిణాన, బ్రాబాంట్, లింబుర్గ్ వైపూ బెల్జియంలోనూ దాని వాడకం ఎక్కువ. కమ్మరినే తీసుకో, స్మిట్ 42 వేలుంటే స్మిట్స్ ఇంకో 23,816. మన విమానం ఆయన ఆంట్‌వెర్ప్ వాడు కాబట్టే ఆయన పేరు చివర 'స్' వచ్చింది. జర్మన్ వైపు వెళ్తే ఇదే పేరు ఓల్‌ష్లేగర్ అవుతుంది. 17వ శతాబ్దంలో పర్షియా వెళ్ళొచ్చిన ఆడమ్ ఓలియారియుస్ అసలు ఇంటిపేరు అదే, చదువుకున్నవాళ్ళ అలవాటు ప్రకారం లాటిన్‌లోకి మార్చుకున్నాడు. డెన్మార్క్ కవి ఓలెన్‌ష్లేగర్ పేరులోనూ ఉన్నది ఆ నూనె దెబ్బే.

ఇంకో చిక్కు. ఇవాళ డచ్చిలో స్లాఖర్ అంటే మాంసం కొట్టువాడు. మాట పుట్టింది ఒకే చోట, కొట్టడం, నరకడం. నూనె మరలు పోయాక ఇప్పటి పిల్లలకి ఓలీస్లాఖర్ అంటే 'నూనె కసాయి' లాగా వినపడుతుంది. నాకది బాధగా అనిపించింది. పని పోయింది, తర్వాత మాట అర్థం పోయింది, ఇంటి తలుపు మీద పేరు మాత్రం మిగిలింది.

ఇక్కడ అందరూ నెపోలియన్ కథ ఒకటి చెప్తారు. 1810లో ఫ్రాన్స్ ఈ దేశాన్ని కలుపుకుంది, 1811 ఆగస్టులో అందరూ ఇంటిపేరు నమోదు చేయించుకోవాలని ఉత్తర్వు వచ్చింది. అప్పుడు జనం వేళాకోళానికి పిచ్చి పేర్లు పెట్టుకున్నారని, అవే ఇప్పటికీ మిగిలాయని. నాక్ట్‌ఖెబోరెన్, అంటే 'బట్టల్లేకుండా పుట్టినవాడు', అనే ఇంటిపేరుని ఉదాహరణగా చూపిస్తారు. నిజానికి ఆ పేరు అంతకంటే పాతది. తండ్రి పోయాక పుట్టిన బిడ్డ అనే జర్మన్ మాట అలా మారిందని పేర్లు పరిశోధించేవాళ్ళు అంటారు. అప్పటికే చాలామందికి ఇంటిపేర్లు ఉన్నాయి. లేనివాళ్ళు ఎక్కువగా ఫ్రీస్‌లాండ్ లాంటి ఉత్తరపు జిల్లాల వాళ్ళు, తండ్రి పేరుతోనే సరిపెట్టుకునేవాళ్ళు. పనుల పేర్లు చాలావరకు అంతకు ముందే, ఊరి పుస్తకాల్లో 'ఫలానా పని చేసే ఫలానా యాన్' అని రాయగా రాయగా, ఎప్పుడో ఒక తరంలో ఆ పని మానేసిన కొడుక్కీ అంటుకుపోయినవి.

అరుదైన పేర్లు ఇన్నాళ్ళూ ఎలా తగ్గుతూ వచ్చాయంటే, ఇంట్లో అందరూ ఆడపిల్లలే పుడితే ఆ కొమ్మ అక్కడితో ఆగిపోయేది. 1998 నుంచి పిల్లలకి తల్లి ఇంటిపేరైనా పెట్టుకోవచ్చని చట్టం మారింది. 2024 జనవరి 1 నుంచి రెండూ కలిపి పెట్టుకోవడం కూడా కుదురుతోంది. నాకు ఇది చాలా సంతోషం కలిగించింది. నూనె కొట్టేవాళ్ళ ఇంటి ఆడపిల్ల కావాలనుకుంటే ఆ పేరు ఇంకో తరానికి ఇవ్వగలదు. మా పాపకి ఈ సంగతి చెప్తే, 'మరి నేను మన ఇంటిపేరు ఇవ్వచ్చా నాన్నా?' అని అడిగింది. తప్పకుండా ఇవ్వచ్చమ్మా అన్నాను.

ఇప్పుడు నీతో పని. ఆర్నెమ్ అనే ఊళ్ళో పాత ఇళ్ళన్నీ తెచ్చి పెట్టిన పెద్ద ఆరుబయలు మ్యూజియం ఉంది. అందులో తూర్పు పల్లెల నుంచి తెచ్చిన నూనె మర ఒకటి ఉంది. దానికి గాలి రెక్కలు లేవు, గుర్రం గుండ్రంగా తిరుగుతుంటే నడిచే మర. మన ఎద్దు గానుగే, ఎద్దు బదులు గుర్రం! వచ్చే నెల వెళ్తున్నాను. వెళ్ళేముందు మీ గానుగ గురించి నాకు సరిగ్గా తెలియాలి. మనిద్దరం ఆ గానుగ దూలం మీద కూర్చుని ఎద్దుతో పాటు తిరిగినవాళ్ళమే, కానీ దేన్ని ఏమనేవాళ్ళో నాకు ఒక్క మాటా గుర్తు లేదురా. తాతయ్య బరువు కోసం వెనక పెట్టిన రాయి గుర్తుంది, ఎద్దు కళ్ళకి కట్టిన గంతలు గుర్తున్నాయి, 'కాళ్ళు లోపలికి పెట్టుకోండ్రా' అన్న కేక గుర్తుంది. పేర్లు మాత్రం పోయాయి.

పెద్దనాన్నకి ఎనభై దాటాయి, ఆయనకి తెలుస్తుంది. ఒకసారి కూర్చోబెట్టి అడుగు. రోకలి ఏ కర్రతో చేయించేవాళ్ళు, నూనె కారే కన్నానికి ఏం పేరు, ఒక వాయికి ఎన్ని నువ్వులు పోసేవాళ్ళు, నీళ్ళు చల్లేది ఎప్పుడు. ఆయన ఏ మాట అంటే ఆ మాటే రాయి, సరిచేయకు. ఫోన్‌లో రికార్డు చేసినా సరే.

మీ పాత దొడ్లో ఆ గానుగ రోలు ఇంకా ఉందా? పోయినసారి వచ్చినప్పుడు సగం మట్టిలో దిగి, పక్కన కరివేపాకు మొక్క మొలిచి కనిపించింది. ఉంటే ఒక ఫోటో తీసి పంపు, పక్కన పెద్దనాన్నని నిలబెట్టి. మర నడిపే పెద్దాయనకి చూపిస్తానని మాట ఇచ్చాను.

పిన్నికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకి ముద్దులు.

నీ
రాంబాబు