పిల్లలతో నెమ్మదిగా మాట్లాడే అరగంట కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

2019లో విడుదలైన ‘ఎ బ్యూటిఫుల్ డే ఇన్ ది నైబర్‌హుడ్’ అనే అమెరికన్ చిత్రాన్ని ఇటీవల చూశాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని కనుక, ఆ చిత్రం నాలో లేపిన ఒక ప్రజా విషయాన్ని మీ పాఠకుల ముందు ఉంచాలనుకుంటున్నాను.

మారియెల్ హెల్లర్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో, ఎవరి గురించి రాసినా వారిలోని లోపాన్నే తవ్వి తీసే లాయిడ్ వోగెల్ అనే పత్రికా రచయితకు, పిల్లల టెలివిజన్ కార్యక్రమం నడిపే ఫ్రెడ్ రోజర్స్ గురించి నాలుగు వందల పదాలు రాయమని పురమాయిస్తారు. ఇంత మంచితనం నటనే అయి ఉంటుందని నమ్మి, ఆ గుట్టు బయటపెట్టాలని అతను వెళ్తాడు. టామ్ హాంక్స్ పోషించిన రోజర్స్ మాత్రం అతని ప్రశ్నలను పక్కన పెట్టి, చిన్నప్పుడు నీకు ఇష్టమైన బొమ్మ ఏదని అడుగుతాడు, తండ్రి మీద అతనికున్న కోపం గురించి అడుగుతాడు. టామ్ జునోడ్ 1998లో ‘ఎస్క్వైర్’ పత్రికకు రాసిన వ్యాసం ఈ కథకు ఆధారం. రచయిత పేరు, తండ్రితో కొట్లాట మాత్రం సినిమా కోసం కల్పించినవి. ఒక హోటల్లో భోజనం చేస్తూ, మనల్ని ప్రేమించి మనుషుల్ని చేసినవారిని ఒక్క నిమిషం తలుచుకుందామని రోజర్స్ అంటాడు. ఆ మాటతో చుట్టుపక్కల బల్లల దగ్గరివారు కూడా మౌనం వహిస్తారు, సంగీతం ఆగిపోతుంది. అలా మౌనంగా కూర్చున్నవారిలో రోజర్స్ నిజజీవిత భార్య జోఆన్ కూడా ఉన్నారని తెలిసి నేను ఆ దృశ్యాన్ని మళ్లీ చూశాను.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వేరొక సన్నివేశం. జీవించి ఉన్న మహాత్ముడితో కాపురం ఎలా ఉంటుందన్న అర్థంలో లాయిడ్ అడిగినప్పుడు, ఆ మాట తనకు నచ్చదని, అలా అంటే ఆయనలా ఉండటం మామూలు మనుషులకు సాధ్యం కాదన్నట్టు అవుతుందని, నిజానికి ఆయన రోజూ దానికోసం సాధన చేస్తాడని ఆమె చెబుతుంది. పిల్లలతో దయగా మాట్లాడటం పుట్టుకతో వచ్చే గుణమని మనం అనుకుంటాం. అది నేర్చుకోవలసిన పని అని ఈ చిత్రం చెబుతుంది.

అసలు రోజర్స్ చేసిన పని చూస్తే ఈ మాట ఎంత నిజమో అర్థమవుతుంది. 1968 నుంచి 2001 వరకు అమెరికా అంతటా ప్రసారమైన ఆయన కార్యక్రమాన్ని పిట్స్‌బర్గ్‌లోని ప్రజా ప్రసార కేంద్రం తయారుచేసేది. మార్గరెట్ మెక్‌ఫార్లాండ్ అనే బాలల మనస్తత్వవేత్తతో ఆయన ఏళ్ల తరబడి చర్చిస్తూ మాటలు రాసుకునేవారు. ఒక చూపులేని పాప, తొట్టిలోని చేపలకు మేత వేశారో లేదో తనకు తెలియక దిగులు పడుతున్నానని ఉత్తరం రాయించింది. అప్పటి నుంచి ఆయన, ఇప్పుడు చేపలకు మేత వేస్తున్నానని పైకి చెప్పడం అలవాటు చేసుకున్నారు. లక్షల మంది చూసే కార్యక్రమంలో ఒక్క పాప కోసం ఒక్క వాక్యం చేర్చారు. 1968 జూన్‌లో అమెరికన్ సెనేటర్ రాబర్ట్ కెనెడీ హత్య జరిగిన వెంటనే ఆయన ఒక ప్రత్యేక కార్యక్రమం చేశారు; అందులో డేనియల్ అనే పులి బొమ్మ, హత్య అంటే ఏమిటని అడుగుతుంది. ఇంట్లో పెద్దలంతా టీవీ ముందు కంటతడి పెడుతుంటే చిన్నపిల్లలు ఆ ప్రశ్నతో ఒంటరిగా మిగిలిపోతారని ఆయనకు తెలుసు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. 2021లో కరోనా రెండో విడత తర్వాత బడులు తెరిచినప్పుడు, తండ్రిని పోగొట్టుకున్న రెండో తరగతి పిల్లవాడు నా దగ్గరికి వచ్చి, “నేను అల్లరి చేశాననేనా టీచర్, మా నాన్న వెళ్లిపోయాడు?” అని అడిగాడు. అలాంటి మాటలు అనకూడదు నాన్నా, వెళ్లి చదువుకో అని చెప్పి పంపేశాను. ఆ పిల్లవాడి ఇంట్లో కొన్ని నెలలపాటు టీవీ రోజంతా మృతుల లెక్కలు వినిపించి ఉంటుంది. ఆ లెక్కల మధ్య, ఇది నీ తప్పు కాదు బాబూ అని చెప్పిన గొంతు ఒక్కటైనా ఉందా? ఆ వయసు పిల్లలు జరిగిన కీడుకు తామే కారణమనుకుంటారని నాకు తెలిసి కూడా, ఆ నిమిషంలో సరైన మాట నోటికి రాలేదు.

మన తెలుగువాళ్లకు ఇది బొత్తిగా తెలియని విద్య కాదు. న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా మద్రాసు నుంచి, ఆ తర్వాత హైదరాబాదు నుంచి ‘బాలానందం’ నడిపారు. 1945లో ‘బాల’ పత్రిక మొదలుపెట్టారు. నా చిన్నతనంలో ఆదివారం ఆ పలకరింపు కోసం మా వీధి పిల్లలమంతా రేడియో ఉన్న ఒక్క ఇంటి అరుగు మీద కూర్చునేవాళ్లం. పిల్లల్ని ప్రేక్షకులుగా కాక, మాట్లాడదగిన మనుషులుగా చూసిన కార్యక్రమం అది. ఈనాడు మన వినోద ఛానెళ్లలో పిల్లలు కనిపించరని కాదు, పోటీల వేదికల మీద బాగానే కనిపిస్తారు. ఆ చిత్రం విడుదలైన 2019లోనే, జూన్ నెలలో, నృత్య రియాలిటీ షోలలో పిల్లల చేత వయసుకు తగని కదలికలు చేయించవద్దని కేంద్ర సమాచార, ప్రసార శాఖ ప్రైవేటు ఛానెళ్లకు సూచన జారీ చేయవలసి వచ్చింది. వేదిక మీదున్న పిల్లవాణ్ని చూసి చప్పట్లు కొట్టేది పెద్దలు. ఇంట్లో కూర్చున్న ఐదేళ్ల పిల్లతో మాట్లాడేవారు అక్కడ లేరు.

ఈ పనిని వాణిజ్య ఛానెళ్లు చేస్తాయని నేను ఆశించను. 1969 మే 1న ప్రజా ప్రసారాల నిధులను సగానికి తగ్గించాలన్న ప్రతిపాదన మీద అమెరికన్ సెనేట్ ఉపసంఘం విచారణ జరిపినప్పుడు, రోజర్స్ అక్కడికి వెళ్లి, కోపం వచ్చినప్పుడు ఏం చేయాలో పిల్లలకు నేర్పే తన పాటలోని మాటలు చదివి వినిపించారు. కటువైన మనిషిగా పేరున్న ఉపసంఘం అధ్యక్షుడు జాన్ పాస్టోర్, మీరు రెండు కోట్ల డాలర్లూ సంపాదించుకున్నట్టే అన్నారు. అది ప్రజల సొమ్ము, పిల్లల కోసం అడిగి తెచ్చుకున్నది. మనకూ ప్రజల సొమ్ముతో నడిచే దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి ఉన్నాయి, ఆకాశవాణి కేంద్రాలు ఉన్నాయి.

వాటి నిర్వాహకులను మీ పత్రిక ద్వారా కోరుతున్నది ఇదే. ఆరేడేళ్లలోపు పిల్లల కోసం సాయంత్రం పూట ఒక అరగంట కేటాయించండి. అందులో పోటీలు, మార్కులు, బహుమతులు వద్దు. చావు, తల్లిదండ్రుల తగవులు, తమ్ముడు పుట్టినప్పటి అసూయ, ఆసుపత్రి సూది వంటి వాటి గురించి, ఒకే మనిషి రోజూ వచ్చి, ఇంటి తెలుగులో, తొందర లేకుండా మాట్లాడాలి. మాటలు రాసేటప్పుడు బాలల మనస్తత్వం చదివినవారినీ, అంగన్‌వాడీ టీచర్లనూ పక్కన కూర్చోబెట్టుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ నాలాగా విశ్రాంతి తీసుకుంటున్న ప్రాథమిక ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. పిల్లలు మమ్మల్ని అడిగిన ప్రశ్నలు, మేము జవాబు చెప్పలేకపోయినవి, రాసి ఇస్తాం. పిలిస్తే నేను నా సొంత ఖర్చులతో వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
తెనాలి