కలర్ ఫిల్ము కడిగే నీళ్ల వేడి గురించి

సంపాదకులకు,

కలర్ ఫిల్మును ఇంట్లోనే కడుక్కోవడం (అంటే మందు నీళ్లలో ఉంచి బొమ్మ తేల్చడం) గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. బల్లార్‌పూర్‌లో ఇరవై రెండేళ్లు స్టూడియో నడిపినవాడిని కనుక, ఈ రోజుల్లో కూడా ఫిల్ము గురించి రాసేవారున్నారని సంతోషించాను. అయితే అందులో ఒక మాట దగ్గర ఆగిపోయాను. బకెట్‌లో 38 డిగ్రీల నీళ్లు పెట్టుకుంటే చాలునని, ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా పరవాలేదని వ్యాసకర్త రాశారు. మందుల కిట్టుతో వచ్చే సూచనల కాగితం ఇంగ్లీషులో ఉండటం వల్ల మా వీధిలో ఇద్దరు కుర్రవాళ్లు ఆ వ్యాసాన్నే కత్తిరించి గోడకు అంటించుకున్నారు; అందుకే ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

నలుపు తెలుపు ఫిల్ముకు ఆయన చెప్పిన సడలింపు చాలావరకు చెల్లుతుంది, ఎందుకంటే వేడి కాస్త పెరిగితే సమయం కాస్త తగ్గించి సర్దుకోవచ్చు. కలర్ నెగెటివ్ ఫిల్ము కడగడానికి 1972లో కొడాక్ తెచ్చిన సి-41 పద్ధతి అలాంటిది కాదు. అందులో డెవలపర్ (ఫిల్ము మీద బొమ్మను తేల్చే మందు) 37.8 డిగ్రీల వద్ద 3 నిమిషాల 15 సెకన్లు పనిచేయాలి, డిగ్రీలో ఆరో వంతుకు మించి తేడా రాకూడదన్నది ఆ పద్ధతి నియమం. కలర్ నెగెటివ్‌లో నీలం, ఆకుపచ్చ, ఎరుపు వెలుగులను పట్టే పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వేడి మారినప్పుడు అవన్నీ ఒకే వేగంతో మారవు. అందువల్ల ఫొటోలో నీడలు ఒక ఛాయకు, వెలుగులు మరొక ఛాయకు జరిగిపోతాయి, ఆ తర్వాత ప్రింటులో ఏ ఫిల్టరు పెట్టినా ఒకదాన్ని సరిచేస్తే రెండోది చెడుతుంది. ఇంట్లో ఆ ఆరో వంతును పట్టుకోవడం కష్టమేనని ఒప్పుకుంటాను, అర డిగ్రీలోపు ఉంటే నేనూ తృప్తిపడేవాడిని. రెండు డిగ్రీలంటే మాత్రం ఒప్పుకోలేను.

వ్యాసంలో లేని మరో సంగతి ఏమిటంటే, కొలవవలసింది ట్యాంకు (ఫిల్మును వెలుతురు తగలకుండా ఉంచి కడిగే డబ్బా) లోపలి డెవలపర్ వేడిని. చుట్టూ గంగాళంలో ఉన్న నీళ్లు దానికి కాపలా మాత్రమే. చలికాలంలో చల్లటి ట్యాంకులోకి 38 డిగ్రీల డెవలపర్ పోస్తే ఫిల్మును చుట్టిన రీలు, ఫిల్ము, ట్యాంకు గోడలు కలిసి దాని వేడిని లాగేసుకుంటాయి. కనుక ట్యాంకును ముందే ఐదు నిమిషాలు గంగాళంలో కూర్చోబెట్టి, ఫిల్మును అదే వేడి గల నీళ్లలో ఒకసారి తడిపి, ఆ తర్వాతే డెవలపర్ పోయాలి. ప్లాస్టిక్ ట్యాంకు వేడిని నెమ్మదిగా ఇచ్చిపుచ్చుకుంటుంది, స్టీలు ట్యాంకు క్షణాల్లో ఇచ్చేస్తుంది. అర నిమిషానికొకసారి పైకి తీసి తిప్పే పద్ధతిలో స్టీలు ట్యాంకుకు బయటి గాలి తగిలిన ప్రతిసారీ నష్టమే, అందుకని చలికాలంలో గంగాళం నీళ్లను అర డిగ్రీ ఎక్కువగా ఉంచేవాడిని.

థర్మామీటరు విషయంలో నా అనుభవమే చెబుతాను. 37.8 డిగ్రీలంటే సరిగ్గా 100 ఫారెన్‌హీట్, అంటే జ్వరం వచ్చిన ఒంటి వేడి. కొత్తలో ఇంట్లో ఉన్న పాదరసం జ్వరం థర్మామీటరును గంగాళంలో వేలాడదీసి, అది 100 దగ్గర నిలిచిందని నమ్మి, ఒక పెళ్లి తాలూకు నాలుగు రీళ్లు వరుసగా కడిగాను. అది విదిలిస్తే తప్ప దిగదన్న సంగతి, రోజూ పిల్లలకు పెట్టి చూసే నాకు ఆ పూట గుర్తు రాలేదు. నాలుగో రీలు అయ్యేసరికి నీళ్లు 35కు పడిపోయాయి, థర్మామీటరు మాత్రం నిశ్చింతగా 100 చూపిస్తూనే ఉంది. తలంబ్రాల పళ్లెంలో బియ్యం ఒక రంగు, పందిరి నీడ మరో రంగు వచ్చిన ఆ ఫొటోలకు నేను డబ్బు తీసుకోలేదు. పైగా ఆ రకం థర్మామీటరు 108 ఫారెన్‌హీట్ దాటిన నీళ్లలో పెడితే పగిలిపోవచ్చు. డిజిటల్‌దైతే మంచిదే కాని, అదీ ఎక్కిన గరిష్ఠాన్నే చూపిస్తుంది కనుక ప్రతిసారీ ఆపి మళ్లీ పెట్టాలి.

వ్యాసకర్త సలహాలన్నీ నీళ్లను ఎలా వేడి చేయాలన్న దాని గురించే ఉన్నాయి. అవి చలిదేశపు పుస్తకాల నుంచి వచ్చాయేమోనని నా అనుమానం. మే నెలలో 45 డిగ్రీలు దాటే మా చంద్రపూర్ జిల్లాలో మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లే 42 డిగ్రీలుంటాయి. ఇక్కడ చల్లార్చడమే అసలు పని. ఇరవై లీటర్ల గంగాళాన్ని 42 నుంచి 38కి దించాలంటే 26 డిగ్రీల కుండనీళ్లు దాదాపు ఏడు లీటర్లు పోయాలి, అదే ఐసు అయితే ఏడు వందల గ్రాములకు లోపే సరిపోతుంది. మరో చిత్రం ఏమిటంటే, గది 43 డిగ్రీలున్నా, ఈ పొడిగాలిలో గంగాళం మీద ఫ్యాను తిరుగుతుంటే 38 డిగ్రీల నీళ్లు ఆవిరవుతూ ఇంకా చల్లబడతాయి. కూలరు పనిచేసేది కూడా ఇలాగే కదా. ఫ్యాను ఆపి, పైన థర్మోకోల్ మూత వేయకపోతే మధ్యాహ్నం పూట వేడి ఎటు పోతుందో తెలియదు. నేనైతే ఎండాకాలంలో తెల్లవారుజామున ఐదింటికే కడిగేవాడిని.

నీళ్లు చల్లబడితే మాత్రం లెక్క సులువే: ఇరవై లీటర్లు ఒక డిగ్రీ తగ్గితే మరిగే నీళ్లు మూడో వంతు లీటరు చాలు. వాటర్ హీటర్ రాడ్ వాడేవారు మాత్రం స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడదీశాకే చేయి పెట్టాలి. ఈ ఒక్క జాగ్రత్త వ్యాసంలో లేకపోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది.

డెవలపర్ తర్వాత వాడే బ్లీచు, ఫిక్సరు అనే మందులు, చివర కడిగే నీళ్ల విషయంలో వ్యాసకర్త చెప్పిన సడలింపు సరైనదే; అవి 24 నుంచి 41 డిగ్రీల దాకా ఉండవచ్చు. కనుక ఆ "ఒకటి రెండు డిగ్రీలు" అన్న మాటను డెవలపర్‌కు వర్తించకుండా సవరించి, రాడ్ జాగ్రత్తను చేర్చి, ఎండలు ముదరకముందే మీ అనుబంధంలో మళ్లీ వేయవలసిందిగా కోరుతున్నాను. గోడ మీది కాగితం స్థానంలో దాన్ని అంటించే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక పాత స్టూడియో యజమాని,
బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర