‘ఈనాటి వేట’ ఏనాటిది?

సంపాదకుల వారికి నమస్కారం.

మా అబ్బాయికి ప్రమోషన్ వచ్చిన సందర్భంగా మే నెలలో ఒక ఆదివారం రాత్రి ఐదుగురం మన విశాఖ బీచ్ రోడ్డులో కొత్తగా తెరిచిన రెస్టారెంటుకు భోజనానికి వెళ్లాం. హోటలు పేరు రాయడం లేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

గుమ్మం దగ్గర ఈజెల్ మీద నల్లబల్ల. దాని మీద తెల్లటి అక్షరాలతో ‘ఈనాటి వేట: వంజరం, చందువా, పీత’ అని రాసి ఉంది. చూడగానే ముచ్చటేసింది. సముద్రం వైపు బల్ల కావాలంటే ముందే ఫోన్ చేయాలన్నారని అబ్బాయి నాలుగు రోజుల ముందే చేశాడు. తీరా కూర్చున్నాక తెలిసింది, రాత్రిపూట ఏసీ గదిలో అద్దాల వెనక కూర్చుంటే సముద్రం కనపడదు, వినపడదు. లోపలి దీపాల వెలుగులో అద్దం నిండా మా మొహాలే. మనవరాలు అద్దానికి ముక్కు ఆనించి ‘సముద్రం ఏదీ?’ అంటుంటే మా ఆయన ‘బిల్లులో వస్తుందిలే’ అన్నారు. ఆయన నోటి వాక్కు అలాగే ఫలించింది.

మెనూలో వంజరం తవా ఫ్రై ఎదురుగా ధర లేదు. ధర ఉండాల్సిన చోట ‘సైజును బట్టి’ అని ఉంది. చందువాకీ అంతే, పీతకీ అంతే. ఎంత సైజు, కిలో ఎంత, తూకం వండకముందా వండాకా అని అడిగాను. ‘షెఫ్ గారు చూసి వేస్తారండీ’ అన్నారు. పండగపూట బేరమాడినట్టు ఉంటుందని అబ్బాయి కళ్లతోనే వద్దన్నాడు. ఊరుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

వంజరం ముక్క ఎలా ఉంటుందో ఈ ఊళ్లో పదేళ్ల పిల్లకి తెలుసు. అడ్డంగా కోసిన గుండ్రటి ముక్క, మధ్యలో వెన్నుముల్లు, చుట్టూ వెండిలా మెరిసే తోలు. వేగాక తోలు అంచు కరకరలాడుతుంది, కండ గట్టిగా ఉండి పొరలుగా విడుతుంది. మా బల్ల మీదికి వచ్చినవి అరచెయ్యంత పొడుగాటి తెల్ల ముక్కలు. ముల్లు లేదు, తోలు లేదు, చేప వాసనైనా లేదు. పైన మసాలా మాడింది, అడుగున ప్లేటులో నీరు ఊరింది. వేలితో నొక్కితే ఉడికిన బంగాళాదుంపలా చితికింది. ‘అత్తయ్యా, ఇది వంజరమేనా?’ అంది కోడలు.

వడ్డిస్తున్న కుర్రాడిని అడిగాం. అటూ ఇటూ చూసి, నీళ్లు పోస్తున్నట్టు వంగి, ‘బాసా అండీ అమ్మా. వంజరం వారం నుంచీ లేదు. ఎవరూ అడగరండీ’ అన్నాడు. బాసా అంటే తక్కువ ధరకు దొరికే మరో రకం చేప. తర్వాత మేనేజరు గారు వచ్చి, అది ప్రీమియం రకమనీ, ముల్లు లేకుండా ఉంటుందని కస్టమర్లు ఇష్టపడతారనీ చెప్పారు. వంజరం అడిగితే వంజరం ఎందుకు పెట్టలేదన్న ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. మిగతా వంటకాల గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. పులావు చల్లారింది, పీతలో కండ కంటే కారం ఎక్కువ, రొయ్యలు ఒక్కటే బాగున్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలం. మర బోట్లు, మోటారు పడవలు వేటకు వెళ్లకూడదు. ఈ రోజుల్లో ఫిషింగ్ హార్బరుకు వెళ్లి చూడండి, బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని లంగరు వేసుకుని ఉంటాయి. మనుషులు వలలు బాగుచేసుకుంటూ, చెక్కలకు రంగులు వేసుకుంటూ కనిపిస్తారు. మోటారు లేని తెప్పల మీద ఒడ్డుకు దగ్గరగా పట్టుకొచ్చే కాస్త చేప తప్ప, మార్కెట్లో కనిపించే పెద్ద చేపల్లో చాలా భాగం ఐసు పెట్టెల్లో బయటి నుంచి వచ్చిందే. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న గానీ మొదలవదు కాబట్టి మే నెలాఖరు దాకా అటు నుంచి కూడా రావచ్చు. అందులో తప్పేమీ లేదు. కానీ రోజూ వంజరం, చందువా, పీత ‘ఈనాటి వేట’గా దొరుకుతున్నాయంటే ఆ వేట ఎవరు ఆడుతున్నట్టు?

మా పెదవాల్తేరు వీధికి జాలారిపేట నుంచి బుట్టతో ఒకామె వస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆమె దగ్గరే కొంటున్నాను. మొప్ప ఎత్తి ఎరుపు చూపించి గానీ బేరం మొదలుపెట్టదు. నిషేధం రోజుల్లో నేను వంజరం మీద చెయ్యి వేస్తే తనే ఆపుతుంది. ‘ఇది అయిసుదమ్మా, పులుసెట్టుకో, ఏపుడికి బాగోదు.’ ఆమెకు లైసెన్సు నంబరు లేదు, ఏసీ లేదు, మెనూ అసలే లేదు. తూకం దగ్గర నాతో గొడవ పడుతుంది, ధర దగ్గర పడుతుంది, చేప పేరు దగ్గర మాత్రం ఒక్కసారీ అబద్ధమాడలేదు.

బాసా మీద నాకేం కోపం లేదు. మెకాంగ్ నదివైపు జాతి అది. దాని చుట్టం మన చెరువుల్లోనూ పంగస్ పేరుతో పెరుగుతోంది. తక్కువ ధరకు దొరుకుతుంది, తినేవాళ్లు తింటారు. దేశంలో రొయ్యల సాగులో మన రాష్ట్రమే ముందుంది, చెరువు పండుగప్ప కూడా ఉంది. నిషేధం రోజుల్లో ‘భీమవరం వైపు చెరువు రొయ్య’ అని ధైర్యంగా రాసి అమ్మితే ఎవరు కాదంటారు? నేనే మళ్లీ వెళ్తాను. బాసాను బాసా అని రాసి, బాసా ధర వేసి అమ్మితే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

బిల్లు సంగతి కూడా చెప్పాలి. వంటకాలకు, నీళ్లకు కలిపి 8,200 రూపాయలు. అందులో ఆ ‘వంజరం’ 1,950. నీళ్లు సీసా 180 చొప్పున మూడు. హోటళ్లలో నీళ్ల సీసా ఎమ్మార్పీ కంటే ఎక్కువకు అమ్ముకోవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది కాబట్టి దాని మీద నేను నోరెత్తను. కానీ దాని కింద 10 శాతం సర్వీసు ఛార్జి, 820 రూపాయలు. ఆ ఛార్జిని కూడా కలిపి మొత్తం మీద 5 శాతం జీఎస్టీ. వెరసి 9,471. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సర్వీసు ఛార్జిని హోటళ్లు తమంతట తాము బిల్లులో కలపకూడదు, దాన్ని కలిపి జీఎస్టీ వేయకూడదు. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. అబ్బాయి ఫోనులో ఇది చూపించాక, ఇరవై నిమిషాలు నిలబెట్టి, 8,610కి కొత్త బిల్లు ఇచ్చారు. పక్క బల్లవాళ్లు మాత్రం అడగకుండానే కట్టి వెళ్లిపోయారు. ఆ 820లో తమకేమైనా వస్తుందా అని కుర్రాడిని అడిగితే నవ్వి ప్లేట్లు సర్దుకున్నాడు.

వేట ఆగిన ఈ రెండు నెలలకు ఒక మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 20 వేల రూపాయలు. మా ఒక్కపూట బిల్లు అందులో దాదాపు సగం. ఇంటికి వస్తూ కారులో ఈ లెక్క మా ఆయనే వేశారు. తర్వాత ఎవరం మాట్లాడలేదు.

అధికారులను నేను కొత్త చట్టం అడగడం లేదు. అడిగిన వస్తువు బదులు మరో రకం అమ్మితే జరిమానా వేయడానికి 2006 నాటి ఆహార భద్రత చట్టంలోనే 50వ సెక్షన్ ఉంది. పది అంతకు మించి శాఖలున్న రెస్టారెంట్లు మెనూలో కేలరీలు రాయాలని నియమం కూడా ఉంది. ముక్కకు ఎన్ని కేలరీలో లెక్కగట్టగలిగినప్పుడు ఆ ముక్క ఏ చేపదో రాయడానికి కష్టమేమిటి? చేప పేరు, సముద్రానిదా చెరువుదా, తాజాదా ఐసుదా, కిలో ధర ఎంత, వండకముందు తూకం ఎంత. మెనూలో ఒక వరుస చాలు. ‘సైజును బట్టి’ అన్న చోట సైజు కస్టమరు కళ్ల ముందు తూచాలి. ఆహార భద్రత అధికారులు ఈ నిషేధం పూర్తయ్యేలోగా బీచ్ రోడ్డు నుంచి భీమిలి దాకా వంటగదుల్లో ఫ్రీజర్లు ఒకసారి తెరిపించి, మెనూతో సరిపోల్చి చూస్తే చాలు. వంజరం, బాసా తేడా చెప్పడానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు, మా బుట్టామెను వెంట తీసుకెళ్లినా సరిపోతుంది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. హోటలు పేరు అక్కడ చెప్పాం. ఇక్కడ రాయకపోవడానికి కారణం ఆ కుర్రాడే. నిజం చెప్పినవాడు అతనొక్కడే, ఈ ఉత్తరం వల్ల ముందుగా ఉద్యోగం పోయేదీ అతనికే.

నిన్న సాయంత్రం నడకకు వెళ్తూ ఆ గుమ్మం ముందు ఆగాను. నల్లబల్ల మీద అవే మూడు పేర్లు. ఎవరూ చూడకుండా ‘వంజరం’ మీద వేలితో రుద్దాను. చెరగలేదు. అది సుద్దముక్క రాత కాదు, పెయింటు.

– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం