బిల్లులో ప్రతి పార్టు పేరూ రాయాలి

సంపాదకులకు నమస్కారం.

నేను హనుమకొండ కుమార్‌పల్లిలో పదిహేనేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. మొన్న మాఘమాసంలో, మూడు పెండ్లి కార్డులు ప్రెస్సుకు పంపాల్సిన రాత్రి నా కంప్యూటర్ టప్‌మని ఆగిపోయింది. గదంతా కాలిన వాసన. కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా, ఎస్‌ఎంపీఎస్, పోతూ పోతూ మదర్‌బోర్డును, హార్డ్‌డిస్కును కూడా తీసుకుపోయింది. పెండ్లివారికి ఏం చెప్పాలో తెలియక, పక్క షాపులో కూర్చుని తెల్లారేదాకా మళ్లీ కంపోజ్ చేశాను.

బిల్లు తీసి చూస్తే ఒకటే లైను: ‘అసెంబుల్డ్ సీపీయూ - 1’. వారంటీ అడిగితే, ‘ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌తో పాటు వచ్చింది సార్, దానికి ఉండదు’ అన్నారు.

తెలిసిన మెకానిక్ ఆ ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పి చూపించాడు. కెపాసిటర్ల తలలు ఉబ్బిపోయి ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా తేలిక. స్టిక్కర్ మీద పెద్దక్షరాలతో 450 వాట్లు అని ఉంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల లైనుకు 16 ఆంపియర్లు అని ఉంది. రెండూ గుణిస్తే 192 వాట్లే! ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ముఖ్యంగా కరెంటు తీసుకునేది ఆ లైను నుంచే. దయచేసి కొనేముందు ఆ స్టిక్కర్ చదివి, ఈ లెక్క షాపులోనే వేసుకోండి.

ఈసారి పార్టులన్నీ నేనే చూసుకుని కొన్నాను. పాత డీడీఆర్4 ర్యామ్ బాగానే ఉంది కాబట్టి అది పట్టే ఏఎం4 రకం మదర్‌బోర్డు తీసుకున్నాను. ఏఎం5 బోర్డులో డీడీఆర్5 తప్ప పట్టదు. నాకు గేమ్స్ పని లేదు, అందుకే గ్రాఫిక్స్ లోపలే ఉండే రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ చాలనుకున్నాను. మా బామ్మర్ది కొడుకు మాత్రం చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ తక్కువకు వస్తోందని కొని, మానిటర్‌లో బొమ్మ రాక వారం రోజులు తిరిగాడు. ‘ఎఫ్’ ఉంటే గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనాలని వాడికి కౌంటర్లో ఎవరూ చెప్పలేదు. మిగిలిన డబ్బు మంచి ఎస్‌ఎంపీఎస్‌కు పెట్టాను.

కంప్యూటర్ షాపుల యజమానులకు నా విన్నపం ఒక్కటే. ప్రతి పార్టు కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్ బిల్లులో రాసివ్వండి. కొనేవాళ్లు కూడా అడగండి, ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నా కొత్త బిల్లులో ఆరు లైన్లున్నాయి. షాపతను మొదట విసుక్కున్నా, డబ్బాలు తిప్పి చూస్తూ నంబర్లన్నీ రాసిచ్చాడు. పది నిమిషాలు పట్టింది.

– ఒక డీటీపీ ఆపరేటర్, కుమార్‌పల్లి, హనుమకొండ